శబ్దం తీసేసిన చరిత్ర పాఠం

నా చిన్నప్పుడు ఆదివారం పొద్దున మా ఇంట్లో టీవీ నడిచేది గానీ, దాని గొంతు వినిపించేది కాదు. కాటన్‌పేటలో మాది సందు చివరి ఇల్లు. చుట్టూ మరమగ్గాల షెడ్లు. వారంలో ఆరు రోజులు ఆ మోతలోనే తినేవాళ్ళం, చదివేవాళ్ళం, పోట్లాడుకునేవాళ్ళం. ఆదివారం మగ్గాలు ఆగేవి. ఆ ఒక్కరోజైనా పాటో మాటో హాయిగా వినాలని ఇంట్లో అందరికీ ఉండేది. సరిగ్గా ఆ రోజే మా చిన్నాయన టీవీ పెట్టి, శబ్దం మొత్తం తగ్గించేసేవాడు.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. చిన్నమ్మతో కలిసి మా ఇంట్లోనే మేడమీది గదిలో ఉండేవాడు. పదహారో ఏట నుంచి పక్క సందులోని షెడ్డులో మగ్గం నడిపేవాడు. ఆ ఏడాదే నన్ను కన్నడ బడి మాన్పించి ఇంగ్లీషు బడిలో ఆరో తరగతిలో వేశారు. లెక్కలు ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. చరిత్ర పుస్తకం తెరిస్తే మాత్రం కళ్ళు తిరిగేవి. టీచరు ప్రశ్న అడిగితే లేచి నిలబడి గోడ చూసేదాన్ని. దసరా ముందు పరీక్షల్లో తప్పితే ఐదో తరగతికి దించేస్తామని బడివాళ్ళు నాన్నకు కబురు చేశారు. అది విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు.

ఆ రోజుల్లోనే నాన్న, ఊరు మారుతున్న ఒక టీచరమ్మ దగ్గర పాత వీసీఆర్ కొన్నాడు. దానితోపాటు చరిత్ర పాఠాల క్యాసెట్లు ఒక అట్టపెట్టె నిండా వచ్చాయి. పాత రాజ్యాలు, కోటలు, ఓడలు, కరువులు. ఎవరో ఒకాయన గంభీరంగా ఇంగ్లీషులో చెబుతూ పోయేవాడు. సినిమాలు కావు కాబట్టి వాటిని ఎవరూ ముట్టుకోలేదు. నేను అన్నం తినకుండా లేచిపోవడం చూసి, చిన్నాయనే ఆ పెట్టె దించి దుమ్ము దులిపాడు.

ఆయన పద్ధతి ఇది. ముందు శబ్దం లేకుండా కొంచెం చూడాలి. బొమ్మ ఆపి, అక్కడ ఏం జరుగుతోందో నేను తెలుగులో చెప్పాలి. పొలం కోస్తున్నారు అంటే పొలం కోస్తున్నారు అని. తర్వాత టేపు వెనక్కి తిప్పి శబ్దం పెట్టేవాడు. ఆ బొమ్మ వచ్చినప్పుడు వినబడ్డ మాటల్లోంచి ఒక్కటి పట్టుకోవాలి. పట్టుకున్నది ఆయన వైపు తిరిగి, నోరు బాగా తెరిచి, నిదానంగా మూడుసార్లు పలకాలి. అలా హార్వెస్ట్ వచ్చింది. కోట చుట్టూ సైన్యం విడిది చేసి, లోపలివాళ్ళకు గింజ అందకుండా చేస్తే దాన్ని సీజ్ అంటారని తెలిసింది. రాజు అడవి దారి పట్టిన రోజు ఎక్జైల్ నేర్చుకున్నాను. మా దగ్గరున్న ఇంగ్లీషు కన్నడ నిఘంటువులో వెతికితే చాలాసార్లు నా ఊహే నిజమయ్యేది.

శబ్దం పెట్టినప్పుడల్లా చిన్నాయన అరచెయ్యి టీవీ పెట్టె మీద ఆనించేవాడు. వేడెక్కిందేమో చూస్తున్నాడు అనుకున్నాను. వెనకనుంచి పిలిస్తే పలికేవాడు కాదు. ఎదురుగా వచ్చి చెబితేనే జవాబు. అది నా ఉచ్చారణ కోసం పెట్టిన కట్టుబాటు అనుకున్నాను. పదకొండేళ్ళ పిల్లకు ప్రపంచం అంతా తన చుట్టూనే తిరుగుతుంది కదా.

పరీక్షలు రాశాను. చరిత్రలో తప్పలేదు సరికదా, టీచరు నా జవాబు క్లాసులో చదివి వినిపించింది. ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. ఆ గర్వంతోనే ఆయుధపూజకు షెడ్డుకు వెళ్ళాను.

ఆయుధపూజ రోజు మగ్గాలకు బంతిపూలు, మామిడాకులు కట్టేవాళ్ళు. పనివాళ్ళు ఇంటిల్లిపాదితో వచ్చేవాళ్ళు. మామూలు రోజుల్లో షెడ్డులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. అందరూ పెదాలు చూసి, చేతులు చూసి మాట్లాడుకునేవాళ్ళే. ఏడాదికి ఆ ఒక్కరోజే అక్కడ మనిషి గొంతు వినబడేది. చిన్నాయన ఏటా ఆ రోజు మాత్రం ఎవరితోనూ మాట కలపకుండా, పూజ కాగానే ఇంటికి వచ్చేసేవాడు. ఎందుకో మేమెవరం ఆలోచించలేదు.

షెడ్డు యజమాని సావుకారు నా చేతిలో బొరుగులు, బెల్లం పెట్టి, “ఏమ్మా, ఇంగ్లీషు బడికి పోతా ఉండావంట! ఎవరు చెప్పిస్తారు?” అన్నాడు. మా చిన్నాయన అన్నాను. ఆయన పద్ధతి అంతా వివరంగా చెప్పాను. అంతటితో ఊరుకోవచ్చు కదా! “వెనకనుంచి ఎంత పిలిచినా పలకడు సావుకారూ, ముందుకొచ్చి సరిగ్గా పలికితేనే. చూడండి కావాలంటే” అని, అవతల మా వైపు వీపు పెట్టి మగ్గానికి గంధం పూస్తున్న చిన్నాయనను గట్టిగా పిలిచాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. అందరూ నవ్వారు. సావుకారు కూడా నవ్వాడు. తర్వాత ఆయన నవ్వు ఆపి, తనే పేరుపెట్టి పిలిచాడు. చేతిలోని ఇత్తడి పళ్ళెం నేలమీద వదిలేశాడు. షెడ్డంతా మోగింది. పిల్లలు ఉలిక్కిపడ్డారు. చిన్నాయన గంధం పూస్తూనే ఉన్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది. నోట్లో బొరుగులు అలాగే ఉండిపోయాయి.

సావుకారు చెడ్డవాడని ఈనాటికీ అనలేను. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, నాన్న పక్కన కూర్చుని, “పేక నూలు తెగితే మగ్గం చప్పుడు మారతాది. అది వినబడకపోతే ఎట్లప్పా? మోటారు పట్టా తెగి మీద పడితే ఆ పాపం నాది గదా” అన్నాడు. చిన్నాయనకు రెండేళ్ళ కిందటే చెవులు పూర్తిగా పోయాయట. మగ్గం మీద చెయ్యి ఆనించి, అదురును బట్టి నడక తెలుసుకుంటూ ఒక్క గజం గుడ్డ పాడు చేయకుండా నెట్టుకొచ్చాడట. షెడ్డులో ఆయన పని ఆ రోజుతో పోయింది. చిన్నమ్మకు అప్పుడు ఆరో నెల. మెట్ల మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పండగ వెళ్ళిన మర్నాటి నుంచి చిన్నాయన ఇంటి ముందు అరుగు మీద నూలు కండెలు చుట్టడం మొదలుపెట్టాడు. మా పేటలో అది ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ చేసే పని. దారిన పోయే మగ్గంవాళ్ళు ఆయన్ను చూడనట్టు నడిచేవాళ్ళు. నేను పెరటి గుమ్మం గుండా బడికి వెళ్ళేదాన్ని. నన్ను ఒక్కరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఆదివారం వచ్చింది. నేను నీళ్ళ డ్రమ్ము వెనక కూర్చున్నాను. చిన్నాయన వెతుక్కుంటూ వచ్చి, చెయ్యి పట్టి తీసుకెళ్ళి టీవీ ముందు కూర్చోబెట్టాడు. ఎప్పటిలాగే శబ్దం తీసేసి క్యాసెట్ పెట్టాడు. యుద్ధంలో ఓడిపోయిన ఒక మనిషిని తాళ్ళతో కట్టి గెలిచిన రాజు ముందు మోకరిల్లబెట్టారు. రాజు సింహాసనం దిగి వచ్చి, తన చేత్తో ఆ కట్లు విప్పుతున్నాడు. చిన్నాయన అక్కడ ఆపాడు. ఆపిన బొమ్మ సన్నగా వణుకుతూ నిలబడింది. కట్లు విప్పుతున్నాడు అన్నాను. ఆయన టేపు వెనక్కి తిప్పి శబ్దం పెట్టాడు. ఈసారి పెట్టె మీద చెయ్యి ఆనించలేదు.

“ఇప్పుడు దాచేది ఏముండాది? నువ్వు విని నాకు చెప్పమ్మా” అన్నాడు.

ఆ మాట పార్డన్, అంటే క్షమించి వదిలేయడం. ఆయన వైపు తిరిగాను, చెప్పబోయాను, ఏడుపు వచ్చేసింది. ఆయన నా మూతి వైపే చూస్తున్నాడు. “ఏడుస్తా చెప్తే పెదాలు అదురుతాయి. నాకు తెలీదు. సుమ్నె, ఊరుకొని నిదానంగా చెప్పు” అన్నాడు. మళ్ళీ చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. గౌను అంచుతో ముఖం తుడుచుకుని, ఊపిరి బిగబట్టి, మూడోసారి చెప్పాను. చిన్నాయన పెదాలు నా పెదాలతోపాటే కదిలాయి. తల ఊపి, నిఘంటువు నా ఒళ్ళో పెట్టి, కండెలు చుట్టుకోవడానికి అరుగు మీదికి వెళ్ళిపోయాడు. కావాలనే ఆ బొమ్మ దగ్గర ఆపాడో, క్యాసెట్లో వరసగా అదే వచ్చిందో నాకు తెలియదు. అడిగే ధైర్యం చాలలేదు. తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. మళ్ళీ మగ్గం ఎక్కలేదు. ఆ ఆయుధపూజ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఇప్పుడు నేను సర్జాపుర దారిలో కొడుకు ఇంట్లో ఉంటున్నాను. మనవరాలు ఫోనులో అలాంటి చరిత్ర పాఠాలే చూస్తూ, తెలియని ఇంగ్లీషు మాట వస్తే నన్ను అడుగుతుంది. ముందు శబ్దం తీసి బొమ్మ చూడమంటాను. తర్వాత నా వైపు తిరిగి చెప్పమంటాను. నీ చెవులు బాగానే ఉన్నాయి కదవ్వా అని నవ్వుతుంది. ఉన్నాయి. కానీ మొన్న తను పార్డన్ అంటే ఏమిటని అడిగింది. ముఖం తుడుచుకుని, పెదాలు అదరకుండా చూసుకుని, ఎదురుగా ఆయన కూర్చుని చూస్తున్నట్టే, నిదానంగా మూడుసార్లు చెప్పాను.