ఆపరేషన్ గది బయట యుకెలేలే

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్లో పదేళ్లో ఉంటాయి, అమ్మ కడుపులో గడ్డ తీయించడానికి గుడియాత్తం నుంచి వేలూరు ఆసుపత్రికి వెళ్లాం. పొద్దున్నే అమ్మను లోపలికి తీసుకుపోయారు. నాయన మందుల చీటీ పట్టుకుని కిందికి దిగుతూ, "యాడికీ పోవద్దమ్మా, ఈడే కూర్చో," అన్నాడు. నేను ఆ తలుపు వైపే చూస్తూ గోళ్లన్నీ కొరికేశాను.

అదే బల్ల మీద ఈశాన్యపు కొండల నుంచి వచ్చిన ఒక అక్క కూర్చుని ఉంది. ఆమె భాష నాకు రాదు, నా తెలుగూ తమిళమూ ఆమెకు రావు. ఆమె ఒళ్లో యుకెలేలే, నాలుగు తీగల బుల్లి గిటారు లాంటిది. నా వేళ్లను నోట్లోంచి లాగి, దాన్ని నా చేతిలో పెట్టింది. ఒక తీగను మీటి, పక్క తీగ కూడా అలాగే పలికేదాకా బిరడా తిప్పమని సైగ చేసింది. అది కుదిరితే అమ్మ బతుకుతుందని మనసులో పందెం కట్టుకుని తిప్పాను. కుదిరింది. తలుపు వైపు ఒకసారి చూసి తిరిగేసరికి మళ్లీ వదులైంది. ఇలా మూడుసార్లు. నాలుగోసారి ఏడుపు ఆగలేదు.

అక్క గాబరాపడి, బిరడాను తనే వదులు చేసి చూపించింది. నా చేతులకు పని ఉండాలని, నేను తలుపు వైపు చూసినప్పుడల్లా ఆమే వదులు చేసిందన్నమాట. ముందు కోపం వచ్చింది, తర్వాత ప్రాణం లేచి వచ్చింది. పాడమని సైగ చేసింది. నాకు వచ్చిందల్లా అమ్మ శెనక్కాయలు వలుస్తూ పాడే తెలుగు పాట. సిగ్గుపడుతూనే ఎత్తుకున్నాను. ఆమె తీగల మీద తడుముకుంటూ రెండో చరణానికి నా గొంతును అందుకుంది. ఎదురుగా ఉన్న తమిళ పెద్దామె చప్పట్లతో తాళం వేసింది.

తలుపు తెరుచుకుంది. నాకంటే ముందు అక్కే లేచింది. స్ట్రెచర్ మీద వచ్చింది మా అమ్మ.

"అంతా బాగుండాదంట, రామ్మా," అని అప్పటికే మందులతో తిరిగొచ్చిన నాయన పిలిచాడు.

అక్క మెల్లగా కూర్చుండిపోయింది. ఆమె భర్త కూడా లోపలే ఉన్నాడని, పొద్దున ఆయన్ని తీసుకుపోవడం చూసిన తమిళ పెద్దామె అప్పుడు చెప్పింది.

"నువ్వు పో నాయనా, నేను కొంచేపుండి వస్తా," అన్నాను.

అక్క యుకెలేలేను పక్కన పెట్టేసి తలుపు వైపే చూస్తోంది. నేనే ఉత్త గొంతుతో, తెలిసిన రెండు చరణాలనే తిప్పి తిప్పి పాడాను. సాయంత్రం కాకముందే ఆయన్నీ తెచ్చారు. కళ్లు తెరిచే ఉన్నాడు.

నాకిప్పుడు అరవై దాటాయి. మా వాళ్లను చాలామందిని వేలూరుకు తీసుకెళ్లాను. మా మనిషి క్షేమంగా బయటికి వచ్చినా నేను వెంటనే లేచిపోలేను. ఇంకా ఎవరైనా తలుపు వైపు చూస్తూ ఉంటే, పక్కన చేరి మీది ఏ ఊరని అడుగుతాను. వాళ్లు చెప్పేది ఒక్కోసారి ఒక్క ముక్కా అర్థం కాదు. అయినా వాళ్ల మనిషి వచ్చేదాకా కూర్చుంటాను.