ఘాటీ ఎక్కించే కాలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో లోకంలోని తెలివంతా మన దగ్గరే ఉందనిపిస్తుంది చూడండి, నాకు ఆ జబ్బు కాస్త ముదిరింది. డిప్లొమా చేతికి వచ్చీ రాగానే విజయనగరం దాటాక హైవే పక్కనున్న లారీల సర్వీసు సెంటర్లో నన్ను అడ్వైజరుగా తీసుకున్నారు. నీలం చొక్కా, మెడలో కార్డు, చేతిలో ట్యాబు. అంతమంది మగవాళ్ళ మధ్య ఒక్కదాన్నే ఆడపిల్లని కావడంతో నా నడకలోకి కలెక్టరు పోకడ కూడా వచ్చేసింది. లారీ గేటు దాటుతుండగానే చప్పుడు విని జబ్బేమిటో చెప్పేస్తానని అమ్మ దగ్గర గొప్పలు పోయేదాన్ని. (చెప్పేది లాప్‌టాపు. నేను చదివి వినిపించేదాన్ని, అంతే.)

ఇప్పటి ఇంజిన్లకి ఓ చిన్న కంప్యూటరు ఉంటుంది. డీజిలు ఎప్పుడు ఎంత పోయాలో అదే చూసుకుంటుంది. కొందరు ఓనర్లు ఎత్తుల్లో బండి బాగా లాగాలని బయట ట్యూనింగు వాళ్ళ దగ్గర అందులోని ప్రోగ్రాం మార్పించుకుంటారు. సర్వీసుకొచ్చిన బండికి మేం లాప్‌టాపు తగిలించి కొత్త అప్‌డేటు ఎక్కించామంటే ఆ ట్యూనింగు కాస్తా తుడిచిపెట్టుకుపోతుంది. అందుకని ముందే ఓనర్ని అడగాలి. ఉందంటే స్టీరింగుకి ఎర్రగుడ్డ కట్టాలి. గుడ్డ కనిపిస్తే మా మేస్త్రి అప్‌డేటు జోలికి పోడు. ఆ షెడ్డు గోలలో ఆయన నోటిమాటలు వినడం ఎప్పుడో మానేశాడు, గుడ్డనే నమ్మేవాడు. పద్ధతి బాగానే ఉంది కానీ, మా వైపు ఓనర్ల చేత ఆ ఒక్కమాట చెప్పించడం బ్రహ్మతరం కాదు. ట్యూనింగు ఉందంటే వారంటీ పోతుందని వాళ్ళ భయం. వారంటీ ఏనాడో దాటిపోయిన వాళ్ళు కూడా "మా బండికి అలాటియ్యేటీ నేవమ్మా" అని అమాయకంగా చెప్పి వెళ్ళి, వారం తిరక్కుండా బండి లాగట్లేదని తగువుకి వచ్చేవారు. వీళ్ళ చేత నిజం కక్కించడానికే నేను పుట్టానని నా గట్టి నమ్మకం.

అలాంటి రోజుల్లో ఓ పొద్దుట మా మావయ్యా పెదనాన్నా తమ లారీ తీసుకొచ్చారు. మావయ్య అమ్మకి తమ్ముడు, పెదనాన్న పెద్దమ్మ మొగుడు. అంటే బావా బావమరుదులు ఇద్దరూ కలిసి కొన్న బండి. చీపురుపల్లి నుంచి సాలూరు ఘాటీ కొండదారి మీదుగా ఒడిశాకి బియ్యం బస్తాలు తోలేవారు. తోలడం పెదనాన్న పని. మావయ్యది పక్కసీటు. లోడ్లు మాట్లాడ్డం, దారంతా కబుర్లు చెప్పడం, ఘాటీ మలుపుల్లో కళ్ళు గట్టిగా మూసుకోవడం ఆయన పనులు.

నేను ట్యాబు తీసి, చుట్టరికం పక్కనపెట్టి, "సార్, ఇంజిన్ ప్రోగ్రాం ఏమైనా మార్పించారా?" అని అడిగాను.

"సారేటే, నీ మొగం," అన్నాడు మావయ్య. "మన బండికి అలాటియ్యేటీ నేవు. ఉంటే మీ పెదనాన్న ఎరగడేటి?"

పెదనాన్న మీసం దువ్వుకున్నాడు. "పోగ్రాములు కాదే అమ్మడూ, కాల్లో ఉండాల. మొన్న ఘాటీలో కుర్రోళ్ళ బళ్ళన్నీ బుసలు కొడతంటే మన బండి అలా ఎల్లిపోనాది. అడుగు మీ మావని."

"నాను కళ్ళారా సూసినాను," అన్నాడు కళ్ళు మూసుకునే మావయ్య.

ఇద్దర్నీ అద్దాల గదిలో కూర్చోబెట్టి వచ్చానో లేదో, మావయ్య నా వెనకే వచ్చేశాడు. ఇయ్యాళ మంచిరోజు కాదు, ఆ లాప్‌టాపు ఎట్టకండన్నాడు. కుదరదన్నాను. కరెంటు పోతాదేమో అన్నాడు. జనరేటరుందన్నాను. చివరికి నా చెయ్యి పట్టుకుని నీళ్ళు కొట్టే షెడ్డు వెనక్కి లాక్కెళ్ళాడు.

"సేయించినానే," అన్నాడు గొంతు తగ్గించి. "బావకి తెల్దు. ఏడాదై ఆడి కాలు మునపట్లా నేదు. ఘాటీలో బండి రెండుసార్లు ఆగిపోనాది. ఎనకోళ్ళు ముసిలోడా సీటు దిగు అని కేకలేసినారు. ఆ రేత్రి అన్నం తిన్నేదు. బండి అమ్మీద్దామన్నాడు. అందుకని ఆడు పెళ్ళికెళ్ళినప్పుడు నాను ట్యూనింగు ఏయించినాను. ఇప్పుడు సూడు, తన కాలే అనుకుని మళ్ళీ మీసం దువ్వుతన్నాడు. మీరది తుడిసేసినారంటే బండి ఘాటీలో నిలబడిపోతాది, మనిషి పడిపోతాడు."

ఎర్రగుడ్డ కడితే అద్దాల గదిలోంచి పెదనాన్నకి కనిపిస్తుంది. ఎర్రగుడ్డ సంగతి తెలియని డ్రైవరు జిల్లాలో లేడు. కట్టకపోతే మేస్త్రి అప్‌డేటు ఎక్కించేస్తాడు. ఇలాంటి చిక్కుకి డిప్లొమాలో పాఠం లేదు.

అలా ఆలోచిస్తూ గేటు దగ్గర టీ బడ్డీకి వెళితే అక్కడ పెదనాన్న తగులుకున్నాడు. అటూ ఇటూ చూసి, "అమ్మడూ, ఆ కొత్త పోగ్రాం ఎక్కించకండే," అన్నాడు.

"ఏం, పెదనాన్నా?"

"ఇన్నేళ్ళు తొక్కినోణ్ణి. కాలు ముసిలిదైపోతంటే బండి కుర్రదైపోతాదేటి? మీ మావ ఏదో సేయించినాడు. నాను సిన్నబుచ్చుకుంటానని సెప్పనేదు. నాకు తెలిసిపోనాదంటే ఆడి మొగం సూళ్ళేం. అందుకే నా కాలు, నా కాలు అని కోతలు కోస్తన్నాను. నాకు మాత్రం సిగ్గు కాదేటి, అన్ని గొప్పలు సెప్పుకోడానికి?"

నేను చేతిలోని టీ తాగడం మర్చిపోయాను. నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. పొద్దున్న నా ఎదుట నిలబడి ఇద్దరూ ఒకే అబద్ధం ఆడారు, ఇద్దరూ ఎదుటివాడి కోసమే ఆడారు. చప్పుడు విని జబ్బు చెప్పే నాకు అప్పుడు ముక్క అర్థం కాలేదు.

ఎర్రగుడ్డ కడితే ఇద్దరి గుట్టూ రట్టవుతుంది. ఆ బడ్డీలోనే లారీలకి కట్టే నల్ల దిష్టితాళ్ళు వేలాడుతున్నాయి. ఒకటి కొని, తిన్నగా వెళ్ళి స్టీరింగుకి చుట్టి, మేస్త్రి చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. "ఈ బండికి నల్లతాడే ఎర్రగుడ్డ."

ఆయన తాడు చూశాడు, అద్దాల గదిలో చెరో మూలా కూర్చుని పైకప్పు చూస్తున్న ఇద్దరినీ చూశాడు. "సుట్టాలా?" అన్నాడు.

అవునన్నాను. మరింకేం అడగలేదు. ఆయిలు మార్చి, ఫిల్టర్లు వేసి, అప్‌డేటు ముట్టుకోకుండా బండి బయటపెట్టాడు.

తాడు చూసి మావయ్య మురిసిపోయాడు. "మంచి పని సేసినావే, బావ కాలికి దిష్టి తగల్తన్నాది," అని నాకు మాత్రమే కనబడేలా కన్ను కొట్టాడు. పెదనాన్న సీటెక్కుతూ అటు నుంచి కన్ను కొట్టాడు. ఇద్దరికీ జవాబు చెప్పడానికి రెండు కళ్ళూ కొట్టాల్సివచ్చింది. పక్కనున్న కస్టమరు నా కళ్ళల్లో దుమ్ము పడిందనుకుని నీళ్ళ సీసా ఇచ్చాడు.

మర్నాడు ఘాటీ పైనుంచి మావయ్య ఫోను చేశాడు. "ఎక్కీసినామే. బావ కాలంటే కాలే." వెనక నుంచి పెదనాన్న గొంతు, "మరేటనుకున్నావురా" అని. ఎంత ధీమాగా అన్నాడంటే, ఒక్క క్షణం నేను కూడా నమ్మాను.

ఇప్పుడు పెదనాన్న స్టీరింగు వదిలేశాడు, మోకాళ్ళు ఒప్పుకోవట్లేదు. బండి జీతం డ్రైవరు తోలుతున్నాడు. బావ తోలని బండిలో మావయ్య పక్కసీటు ఎక్కనంటాడు. ఇంట్లో ఏ శుభకార్యమైనా, వడ్డన కాగానే ఆయన కుర్రాళ్ళని పోగేసి, ఘాటీలో అందరి బళ్ళూ ఆగిపోతే బావ ఒక్కడే ఎలా ఎక్కించాడో చెప్పడం మొదలెడతాడు. పెదనాన్న తలొంచుకుని మోకాలు నిమురుకుంటూ వింటాడు. ఎదుటివాళ్ళ చేత నిజం కక్కించడమే ఉద్యోగమనుకున్న ఆ నీలం చొక్కా పిల్ల ఇప్పుడు నన్ను చూస్తే సిగ్గుపడుతుందేమో కానీ, నేను మాత్రం ఆ ఇద్దరి మధ్యా కూర్చుని, ఎన్నోసారి వింటున్నానో మరిచిపోయి, "నిజంగానా మావయ్యా?" అని అడుగుతుంటాను.