అందిందనే మాట కోసం

మా తమ్ముడు పోయిన కబురు నేను దేవుడి దగ్గర నిలబడి ఉండగా వచ్చింది. దవాఖానలో నా నంబరే రాసుకున్నారు. "అమ్మా, మీరు జర రావాలె" అన్నది నర్సమ్మ. అగ్గిపుల్ల చేతిలోనే ఉంది. దీపం వెలిగించి వెళ్ళాలో, వెలిగించకుండా వెళ్ళాలో తోచలేదు. వెలిగించే వెళ్ళాను.

ఇది చదివేవాళ్ళలో కొందరు వాణ్ణి చూసే ఉంటారు. హైటెక్ సిటీ నుంచి గచ్చిబౌలి దాకా, ఇటు మియాపూర్ దాకా, రోడ్డు పక్క గోతిలో గొడుగు కింద కూర్చుని, ఒళ్ళో చిన్న పెట్టె పెట్టుకుని దాని మీదికి వంగి ఉన్న మనిషి కనబడితే అది మా తమ్ముడే కావచ్చు. మీ ఫోన్లలో మాటలు మోసే, ఫైబర్ అనే అద్దపు దారాలను అతికించేవాడు. గోతిలో పని లేనప్పుడు మాదాపూర్‌లో ఒక పెద్ద భవనంలో ఆ దారాల్లోకి వెలుగు పంపే మిషన్లను చూసుకునేవాడు.

మా ఇంట్లో నేను పెద్దదాన్ని, వాడు ఆఖరివాడు. అమ్మ తొందరగా పోవడంతో వాడి తలకు నూనె పెట్టిందీ, బడికి తోలిందీ నేనే. పెళ్ళిళ్ళయ్యాక కూడా లింగంపల్లిలో రెండు గల్లీల ఎడంలోనే ఉన్నాం.

శనివారం గుడిలో మా ఆడవాళ్ళ భజన అయ్యేదాకా వాడు బయట చెప్పుల దగ్గర కూర్చునేవాడు. నన్ను బండి మీద ఇంటి దగ్గర దించాలి కదా. ఒకసారి దారిలో అడిగాను.

"ఒక్క తీగల గింతమంది మాటలు పోతయంటవు. కలిసిపోవా రా?"

"తీగ కాదక్కా, అద్దం. వెంట్రుకంత సన్నం."

"అద్దమో అప్పడమో. కలిసిపోవా?"

"మీ భజనల అందరు ఒక్కసారే పాడ్తరు గదా. బయట కూసోని నీ గొంతు నేను పట్టలేదా?"

"నాది బొంగురు గొంతు గనుక పట్టినవ్."

"గదే అక్కా! ఒక్కో మాటకు ఒక్కో రంగు వెలుగు. అన్ని రంగులు కలిపి ఒక్క దారిల తోలేస్తం. ఒకదాన్నొకటి ముట్టుకోవు. అవతలి కొసకు ఏ రంగు ఆ రంగు విడిపోతది. ఇంకా మాటలు పంపాలంటే రోడ్డు తవ్వే పని లేదు, ఇంకో రంగు కలుపుడే."

"ఏం రంగులు?"

"కండ్లకు ఆనని రంగులు. వాటికి పేర్లు గూడ లేవు, నంబర్లే."

"పేర్లు దేవునికి తెలుస్తయి తియ్" అన్నాను. బండి ఆపి మరీ నవ్వాడు.

వాడి జేబుల నిండా చిన్న ప్లాస్టిక్ మూతలుండేవి. విప్పిన ప్రతి అద్దం కొసకూ ఒక మూత తొడగనిదే లేచేవాడు కాదు. మూత లేకపోతే దుమ్ము పడి వెలుగు చెడుతుంది. ఎవరైనా ఆ కొసలోకి తొంగి చూస్తే కన్ను చెడుతుంది. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చింది. చారు గిన్నె, మంచినీళ్ళ చెంబు, చివరికి నా కుంకుమ భరిణె, ఏదీ మూత లేకుండా ఉండనిచ్చేవాడు కాదు. వాడి కూతురు చిన్నప్పుడు ఒక కొసను కంటికి ఆనించుకుని "ఇందుల వెలుగు లేదు నాయినా" అంటే చెయ్యి పట్టి గుంజేశాడు. "కనబడ్తలేదంటే లేదని కాదు బిడ్డా!" వాడు అంత గట్టిగా అరవడం నేను వినడం అదే మొదలు, అదే చివర.

ఇంకో అలవాటు, అందింది అనడం. దారం అతకగానే అవతలి కొస దగ్గరున్న మనిషికి ఫోన్ చేసేవాడు. "పంపుతున్న. అందిందా?" అవతల నుంచి "అందిందన్నా" అని వినబడ్డాకే లేచేవాడు. "పంపినోడు పంపిన అంటే సరిపోదక్కా. అందినోడు అందింది అనాలె" అనేవాడు. నేను వాళ్ళింటికి పచ్చడి పంపితే రుచి గురించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. "అందింది అక్కా" అని ఫోన్ పెట్టేసేవాడు. "ఉప్పు ఎక్కువైందేమో చెప్పరాదురా" అని తిడితే, "గది నీ మరదలు చెప్తది, నా పని అందిందనుడే" అనేవాడు.

ఒక మధ్యాహ్నం మియాపూర్‌లో ఆటో దిగి చూస్తే గోతిలో వాడే. జేసీబీ పన్ను తగిలి దారం తెగిందట. జేసీబీ నడిపే పెద్దమనిషి గట్టున కూర్చుని, తవ్వమన్న చోటే తవ్వానని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. పక్కనే టిఫిన్ సెంటర్ ఆవిడ, కోస్తా వైపు మనిషి, చేతిలో గరిటెతో నిలబడింది.

"ఏవండీ, మా పాప ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో ఆగిపోయిందండీ. ఎంతసేపండీ?"

"అక్కా, మీ పెసరట్టు మాడిపోక ముందే వస్తది."

"పెనం మీద వేసే వచ్చానండీ బాబూ!" అంటూ ఆమె పరుగెత్తింది.

"ఒక్కటే కదా తెగింది, ఇంత పరేషానా?" అన్నాను నేను.

వాడు తల ఎత్తలేదు. "ఒక్కటే అక్కా. గని అన్ని రంగులు దీంట్లనే పోతయి. ఇది తెగితే అన్ని ఒక్కసారే ఆరిపోతయి." తర్వాత ఆ పెద్దమనిషి వైపు తిరిగి, "ఫికర్ జెయ్యకు తాతా, చాయ్ తాగు" అన్నాడు.

దసరాకు వాళ్ళ భవనంలో ఆయుధపూజ చేసేవాళ్ళు. నిరుడు మమ్మల్నీ తీసుకుపోయాడు. బీరువాల్లాంటి మిషన్లు వరసగా ఉన్నాయి. నేను భక్తిగా కుంకుమ తీసి ఒకదానికి బొట్టు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "అక్కా, దీని నోట్లె పొడి పడొద్దు. దీనికి ఏడాదంత ఉపాసమే." బొట్లన్నీ తలుపుకే పెట్టించాడు. కొబ్బరికాయ కారిడార్‌లో కొట్టాం.

పని మీద లేని మిషన్ ఒకటి చూపించి, దానికి పోయే దారం వేరు, వచ్చే దారం వేరు అని చెప్పాడు. వచ్చే దారాన్ని ఊడబెరికాడు. దాంతో మిషన్ తన వెలుగు కూడా ఆపేసింది.

"పోయేది మంచిగనే ఉంది కదా నాయినా, అది ఎందుకు బంద్ అయింది?" అన్నది నా మేనకోడలు.

"అటునుంచి జవాబు రాలేదు గదా. దారి ఎక్కడో తెగింది, తెగిన కాడ ఎవలన్న కన్ను పెట్టి చూస్తున్నరేమో అని ఆగుతది."

"మరి దారి బాగయితే దానికెట్ల తెలుస్తది?"

"మధ్య మధ్యల చిన్న వెలుగు పంపి, ఆగి చూస్తది. జవాబొస్తే లేస్తది. రాకపోతే కొంచెం సేపు ఆగి మల్ల పంపుతది."

"ఎన్నిసార్లు?"

"అది లెక్కపెట్టదు బిడ్డా."

ఆ దసరా తర్వాత చలికాలంలో, పనికి బయలుదేరి చెప్పులు వేసుకుంటూ గడప దగ్గర పడిపోయాడు. మెదడులో నరం చిట్లిందన్నారు. ఐసీయూలో వాడి కళ్ళు తెరిచే ఉన్నాయి. మమ్మల్ని చూడటం లేదు. "వింటున్నాడా?" అని అడిగాను. డాక్టరు నిజాయితీ గల మనిషి. "చెప్పలేమమ్మా. మీరైతే మాట్లాడండి" అన్నాడు.

మాట్లాడాం. ఒకరి తర్వాత ఒకరిని పంపేవాళ్ళు. మేనకోడలు కాలేజీ కబుర్లు చెప్పేది. మరదలు ఇంటి సంగతులు చెప్పేది. నేను గోవింద నామాలు చెప్పేదాన్ని. ఎవరి రంగు వాళ్ళది. దేనికీ రెప్ప కదల్లేదు. భర్త, తండ్రి, తమ్ముడు, గల్లీలో అందరికీ పెద్దదిక్కు, ఇన్నిటికీ ఆ ఒక్క మనిషే దారం. తెగిన నాడు అన్నీ కలిసే ఆరిపోయాయి.

నేను ఏభై దాటినదాన్ని. ఇన్నేళ్ళూ దేవుడికి దండం పెట్టాను గానీ, ఒక్కరోజు కూడా జవాబు అడగలేదు. అడగడం మర్యాద కాదనుకునేదాన్ని. ఆ గదిలో అడిగాను. ఏ దేవుడికి ఏం మొక్కానో నాకే గుర్తు లేదు. నామం మధ్యలో ఆపేసి వాడి చెవి దగ్గర వంగాను. "తమ్మీ, అందిందా? ఒక్కసారి అందింది అనరా. కన్ను ఆర్పినా చాలు." మిషన్ శబ్దం తప్ప ఏమీ లేదు. స్వామినీ అదే అడిగాను. అక్కడా అంతే.

ఒకరోజు మరదలు బయటికి వచ్చి గోడకు చేరగిలబడింది.

"ఇగ నేను లోపటికి పోను వదినె. గోడకు చెప్పినట్లున్నది. చెప్పి చెప్పి నాకే పిచ్చి లేస్తది."

ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టాను. మేనకోడలు తల్లి పక్కన కూర్చుంది.

"అమ్మా, నాయిన మిషన్ యాదికున్నదా? జవాబు రాకుంటే పెద్ద వెలుగు ఆపేస్తది. గని చిన్నది పంపుతనే ఉంటది."

"మిషన్‌కేంది, దానికి ఏడుపు రాదు."

"నువ్వు ఎక్కువ చెప్పకే. ఒక్క ముచ్చట చెప్పి రా."

మరదలు కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. అద్దం తలుపు కొంచెం తెరిచే ఉంది, ఆమె చెప్పింది నాకు వినబడింది. "నీ జేబులల్ల మూతలు వాషింగ్ మిషన్ పైపుల ఇరికినయ్. నీళ్ళు పోతలేవు. నువ్వే లేచొచ్చి తియ్యాలె, నేను ముట్ట."

అంతే చెప్పింది. మరుక్షణం "వదినె!" అని కేక పెట్టింది. ఉరికాను. వాడి ఎడమకన్ను కొసన నీళ్ళు. చెవి వైపు జారుతున్నాయి. మరదలు నా చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. "విన్నడు! విన్నడు వదినె!" "గోవిందా" అన్న నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

నర్సమ్మ పక్క మంచం దగ్గర నుంచి వచ్చింది. మంచి పిల్ల. మా మొహాలు చూసి, చెప్పాలా వద్దా అని తటపటాయించి, చివరికి మెల్లగా చెప్పింది. "అమ్మా, ఇప్పుడే కండ్లల్ల చుక్కల మందు ఏసిన."

మరదలు చెయ్యి నా చేతిలో అలాగే ఉంది. వదల్లేదు. అవి మందు నీళ్ళో, వాడి నీళ్ళో మాకెవరికీ తెలియదు. చెప్పగలిగినవాడు ఒక్కడే. మర్నాడు పొద్దున ఫోన్ వచ్చింది.

కర్మకాండలన్నీ అయ్యాయి. కాకి ముట్టిందన్నారు, శాంతించాడన్నారు. ఓదార్చడానికి వచ్చినవాళ్ళు, "నీకేంది అక్కా, భక్తురాలివి, తట్టుకుంటవ్" అంటారు. వాళ్ళకు తల ఊపుతాను. నిజం మీకు చెప్తున్నాను. సహస్రనామం మొదలుపెడితే నాలుక సాగడం లేదు. నాలుగు నామాలు కాకముందే ఆ గదిలో నేను అడిగిన మాట అడ్డం వస్తుంది. అందిందా? పెద్ద పూజ మానేశాను.

మరదలు పైపు విప్పించి మూతలు తీయించింది. దోసిట్లో పోసుకుని వచ్చి నా దేవుడి గూట్లో పెట్టి వెళ్ళిపోయింది. అవి అక్కడే ఉన్నాయి, కుంకుమ భరిణె పక్కన. భరిణెకు మూత పెట్టే ఉంచుతున్నాను.

సాయంత్రం దీపం పెడతాను. లింగంపల్లి స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినబడుతుంది. పై ఇంట్లో కుక్కర్ మోగుతుంది. అవన్నీ సద్దుమణిగాక, ఒక్క మాట అంటాను.

"తమ్మీ."

ఆగుతాను. వత్తి కొంచెం ఊగి నిలబడుతుంది. ఏమీ రాదు. కాసేపు అలాగే కూర్చుంటాను. మళ్ళీ అంటాను.