అక్క అప్పజెప్పిన ఇటాలియన్ మాటలు

నాకూ ఇటలీ వెళ్ళాలని ఉండేదని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆళ్లగడ్డలో నర్సుగా చేసే మా పెదనాన్న కూతురు అక్కడి ఉద్యోగం కోసం ఇటాలియన్ నేర్చుకునేది. పరీక్షలో అర్థాలు ఇంగ్లీషులో రాయాలట. రోజూ ఫోన్ చేసి, నంద్యాలలో ఉన్న నాకు అప్పజెప్పేది. కొపెర్తా అంటే బ్లాంకెట్, కుక్కియాయో అంటే స్పూన్. ఎవరితోనూ సరిగా మాట్లాడని నేను ఆమె తప్పులు గడగడా దిద్దేదాన్ని.

అక్క ఇటలీ ప్రయాణానికి ముందురోజు ఆళ్లగడ్డ వెళ్ళాను. తినేముందు ఇటలీవాళ్ళు బాగా తినమని చెప్పుకునే ‘బువొన్ అప్పెతీతో’కు ఇంగ్లీషులో సరైన మాట దొరకలేదన్నాను.

“మన మాదిరి తిన్యావా అని అడగరా?” అని అక్క నవ్వింది. “నాకంటే నీకే బాగా వస్తాంది మే. నువ్వూ వస్తావా?”

“నాకెందుకక్కా” అనేశాను.

సాయంత్రం నంద్యాల బస్సు ఎక్కిస్తూ అంది: “సరేలే, నీకు ఈడే బాగుంటాది. బిన్నా ఇంటికి పో.”