మొక్కజొన్న చేల ఊళ్ళో ఎస్తేర్ అడిగిన ప్రశ్న

మా చిన్నప్పుడు... రంగూన్‌లో తామ్వే అనే పేటలో మా వీధి చివర ఇంటర్నెట్ షాపు ఉండేది. ఆదివారం పొద్దున్నే మా నాయనమ్మ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి మరీ లోపలికి వెళ్ళేది. అది గుడి కాదని ఎంత చెప్పినా వినేది కాదు! అమెరికాలో ఉన్న ఎస్తేర్ అక్కడి కంప్యూటర్ తెర మీదే కనిపించేది మరి...

ఎస్తేర్ మా పక్క గదిలో ఉండే, కరెన్ అనే బర్మా తెగ వాళ్ళ పిల్ల. మా ఇంట్లో చారన్నం తింటూ పెరిగింది, మా తెలుగు బాగా అర్థమయ్యేది. వాళ్ళ నాన్నకు కోళ్ళ ఫ్యాక్టరీలో పని దొరికి, అమెరికాలో ఏదో పల్లెటూరి కౌంటీకి, అంటే మన జిల్లా లాంటి చోటికి, వెళ్ళిపోయారు. చుట్టూ మొక్కజొన్న చేలేనట... ఇంటికీ ఇంటికీ మధ్య తామ్వే మొత్తం పట్టేస్తుందట!

నాకు అన్నీ వింతే. అక్కడ ఎవరుంటారు, ఏం తింటారు అని ప్రాణం తీసేదాన్ని. జర్మనీ నుంచి వచ్చిన రైతులకో చర్చి, నార్వే వాళ్ళకో చర్చి, ఫ్యాక్టరీలో మెక్సికో వాళ్ళు... ఓపిగ్గా చెప్పేది.

ఒక ఆదివారం ఏడుపు మొహంతో కనిపించింది. బళ్ళో కౌంటీ చరిత్ర పాఠమట. ప్రతి పిల్లా లేచి, తన పెద్దలు ఎప్పుడొచ్చారో, ఏం కట్టారో చెప్పాలి. ఒకడి ముత్తాత చర్చి కట్టాడు, ఇంకొకడి తాత ధాన్యం కొట్టు కట్టాడు...

"మేం నిరుడేగా వచ్చాం. నేనేం చెప్పను? ఆ రోజు బడికే వెళ్ళను" అంది బర్మా భాషలో.

మా నాయనమ్మకు ఒక అలవాటుంది. ఏ గదిలో అద్దెకు దిగినా, ముందు అక్కడ ఎవరుండేవారో అడిగి, తొలి అన్నం ముద్ద వాళ్ళ పేరున కిటికీలో పెట్టేది. తెలుగునాట నుంచి ఓడెక్కి రంగూన్ రేవులో మూటలు మోయడానికి వచ్చిన మావాళ్ళు ఎవరో ఖాళీ చేసిన గదుల్లోనే కదా బతికారు...

ఎస్తేర్ మాట నేను చెప్పగానే నాయనమ్మ నా చెవుల మీంచి హెడ్‌ఫోన్ లాక్కుని, ఎస్తేర్‌తోనే అంది.

"ఏటే గుంటా, సెప్పడానికి నేకపోతే అడగడానికి నోరు నేదా? ఆల్ల తాతలు రాకముందు అక్కడ ఎవులుండీవోరో అడుగు!"

ఎస్తేర్ అడిగింది. క్లాసులో ఎవరికీ తెలియదట... టీచరుకు కూడా! పాపం ఆవిడే వాకబు చేసి, ఆ నేల మీద మొదట్నుంచీ ఉన్న తెగలోని ఒక ముసలావిడను బడికి పిలిచింది.

"ఇన్నేళ్ళలో మమ్మల్ని ఇక్కడికి ఎవరూ పిలవలేదు. మా గురించి అడిగిందెవరు?" అందట ఆవిడ.

ఎస్తేర్ చెయ్యెత్తింది. ఆవిడ వచ్చి ఆ పిల్ల పక్కనే బెంచీ మీద కూర్చుని, కథంతా అక్కణ్ణుంచే చెప్పిందట...

నాయనమ్మ ఇప్పుడు లేదు. నాకు బెంగగా ఉంటుంది. ఎస్తేర్ ఇప్పుడు ఫోన్లో ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతుంది గానీ, మా కొత్త ఫ్లాట్‌లో ఇదివరకు ఎవరుండేవారని అడిగితే మాత్రం జనం వింతగా చూస్తున్నారు.

మీరుంటున్న చోట మీకంటే ముందు ఎవరుండేవారు...? తెలిసినవాళ్ళు చెప్పండి, వినాలని ఉంది.