గోళ్ళ నికుంజ ఇంటి ఎలుకలు

మా ఊరు చాందుడాంగాలో ఒక మాట గాలికి తిరుగుతోంది. గోళ్ళ నికుంజ, క్షేమంకరి పిసీమా కాలిగోళ్ళ పొట్లాన్ని ఎలుకలపాలు చేశాడట. అలాంటి అజాగ్రత్త మనిషి చేతిలో ఊరి గోళ్ళన్నీ పెట్టడం మన బుద్ధితక్కువట. టీకొట్టు భవేశ్ ఇంకో మెట్టెక్కి, ఎలుకలూ లేవు గిలుకలూ లేవు, ఆ గోళ్ళు పట్టుకెళ్ళి శ్మశానంలో చేతబడి చేశాడంటున్నాడు. భవేశ్ టీలో పంచదార తగ్గినప్పుడల్లా మాటల్లో మసాలా పెరుగుతుంది, అది అందరికీ తెలిసిందే. ఈ రెండు మాటలూ అబద్ధమే. నిజం తెలియాలంటే ముందు నికుంజకున్న జబ్బు తెలియాలి.

నికుంజ మనుషుల మొహం చూడడు, కాళ్ళు చూస్తాడు. సొంత మామగారు బూట్లేసుకుని రైలు దిగితే, ఎవరో పెద్దమనిషి అనుకుని పక్కకి తప్పుకుని దారిచ్చాడు. ఆయన ఇంటికొచ్చి బూట్లు విప్పాక, "అయ్యో, మీరా! ఎప్పుడొచ్చారు?" అని సాష్టాంగపడ్డాడు. సాష్టాంగపడ్డవాడు చాలాసేపు లేవలేదు. భక్తి అనుకుని మామగారు కరిగిపోయారు. గోళ్ళు పెరిగాయా లేదా అని చూస్తున్నాడని కూతురు తరుబాలకి మాత్రమే తెలుసు.

"పెళ్ళిచూపుల్లో అందరి మొగుళ్ళూ పాట పాడమంటారు," అంటుంది తరుబాల. "ఈయన తల వంచుకుని కూచుంటే, ఆహా ఎంత సిగ్గరి అనుకున్నాం. చివరికి నోరు విప్పి అడిగిన ప్రశ్న ఏమిటో తెలుసా? 'ఈ ఊరి నీళ్ళు ఎన్నేళ్ళుగా తాగుతున్నారు?' అని!"

ఆయన ఉద్యోగమే అది. మా వైపు చేతిపంపు నీళ్ళలో ఆర్సెనిక్ అనే విషం ఉంది. రంగుండదు, వాసనుండదు, రుచి మాత్రం అమృతంలా ఉంటుంది. మంచి పంపుకి ఆకుపచ్చ రంగు, చెడ్డ పంపుకి ఎర్ర రంగు వేస్తారు. నికుంజ పని అంతకంటే ఓ అడుగు లోపలికి. మనుషుల కాలిగోళ్ళు పోగుచేసి కలకత్తా పరీక్షకి పంపడం.

"పంపునడిగితే తనలో ఎంతుందో చెబుతుంది," అంటాడు. "మీలోకి ఎంత పోయిందో మీ గోరే చెప్పాలి. గోరు నెమ్మదిగా పెరుగుతుందా, నిరుడు తాగినదంతా అందులో దాచుకునుంటుంది. నాలిక మరిచిపోతుందిగానీ గోరు మరిచిపోదు."

చదువుకున్నవాళ్ళిది విని తలూపుతారు. మేము పాదాలు చీరలోకి లాక్కుంటాం.

గోళ్ళడగడానికి ఆయనకి వేళా పాళా లేదు. పెళ్ళిలో వరుడి కాళ్ళు కడుగుతుంటే పక్కనే కాగితం పొట్లంతో సిద్ధం. చెరువుగట్టు మీద తోడికోడళ్ళిద్దరు, "నీ జుట్టు ఊడబెరుకుతానే!" "రావే, నీ అంతు చూస్తా!" అని కలియబడుతుంటే, విడదీయడానికి పరిగెత్తాడని ఊరు మెచ్చుకుంది. తీరా దగ్గరికెళ్ళి చేతులు జోడించి, "అమ్మా, జుట్టు కూడా పనికొస్తుంది. కుదుళ్ళతో వస్తే పారెయ్యకండి," అన్నాడు. ఆ దెబ్బకి ఇద్దరూ ఏకమై ఆయన్ని తరిమారు. ఇప్పటికీ ప్రాణస్నేహితులు. లక్ష్మీవారమని మా ఊళ్ళో గురువారం ఎవరూ గోళ్ళు తియ్యరు గదా, ఆ రోజంతా ఆయన మొహం పస్తున్నవాడిలా ఉంటుంది. శుక్రవారం తెల్లారేసరికి పాలవాడికంటే ముందు గుమ్మంలో ఉంటాడు.

ఈ మనిషికి ఊరంతా లొంగింది, ఒక్క క్షేమంకరి పిసీమా, ఆవిడ మాట దాటని ఆవిడ వీధీ తప్ప.

ఆవిడ ఊరందరికీ పిసీమా, అంటే మేనత్త. తెల్లచీర, బోడిమెడ, కొడవలిలాంటి నాలుక. పెరట్లో చేతిపంపు. పోయిన భర్త దగ్గరుండి వేయించింది. రంగులేసేవాళ్ళని పెరట్లోకి రానివ్వదు గనక దానికి ఆకుపచ్చా లేదు, ఎరుపూ లేదు. ఆయన ఫొటోకి వారానికోసారి దండ వేస్తుందిగానీ పంపుకి రోజూ చింతపండుతో తోముడు. వీధంతా ఆ నీళ్ళే తాగుతుంది. "మా పంపు నీళ్ళతో పప్పు ఉడికినట్టు గంగాజలంతో కూడా ఉడకదు," అని ఆవిడ అంటే, పప్పు ఉడకనివాళ్ళు కూడా అవునంటారు.

"పిసీమా, ఓ నాలుగు గోళ్ళు," అని నికుంజ.

"నాలుగు తన్నులు ఇస్తాను, తీసుకుంటావా?"

"తన్నేటప్పుడు దగ్గరగా చూడనిస్తే అదీ మంచిదే పిసీమా."

ఇలా ఏడాది గడిచింది. ఈలోగా పిసీమా అరచేతుల్లో నల్లని గరుకు మచ్చలు లేచాయి. విషం నీళ్ళు తాగేవాళ్ళకి లేచేవి ఇవేనని నికుంజ అంటే, ధాన్యం చెరిగి చెరిగి వచ్చాయంది. ఆవిడ చేట పట్టి ఎన్నాళ్ళయిందో అడిగే ధైర్యం ఎవరికుంది? ఇంతలో కోడలు ఫుల్లర నెల తప్పింది. దాంతో నికుంజ పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి గుమ్మం పట్టుకున్నాడు. ఇక లాభం లేదని పిసీమా ఓ ఉపాయం పన్నింది.

మా ఊళ్ళో ముత్తైదువల కాలిగోళ్ళు తీసి పారాణి పెట్టడానికి ఇంటింటికీ వచ్చే మానద ఉంది. పిసీమా ఆమెని పెరటి దారిన పిలిచింది. "బడి దగ్గర చౌధురీల కొత్తకోడలు ఆకుపచ్చ పంపు నీళ్ళేగా తాగేది? ఇవాళ ఆ పిల్ల కాళ్ళకి తీసిన గోళ్ళు నాకు తెచ్చిపెట్టు. ఎందుకని అడక్కు." మానద అడగలేదు. అడగకపోవడమే ఆమె వృత్తికి పెట్టుబడి. పిసీమా ఆ గోళ్ళు పొట్లం కట్టి, పైన తన పేరు రాయించి, నికుంజ చేతిలో పెట్టింది.

"ఇదిగో, నీ ఏడుపు తీరిందా?"

నికుంజ పొట్లం విప్పాడు. గోళ్ళు చూశాడు. పిసీమా పాదాలు చూశాడు. మళ్ళీ గోళ్ళు చూశాడు. గబగబా పొట్లం మడిచి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ముక్కూమొహం తెలియని గోళ్ళకే దండాలు పెట్టేవాడు, ఏడాది తపస్సు ఫలిస్తే కృతజ్ఞతైనా చెప్పలేదేమిటని పిసీమాకి చిన్న గుబులు.

మర్నాడు టీకొట్టు ముందు, అందరూ వింటుండగా, నికుంజ రెండు చెవులూ పట్టుకున్నాడు. "పిసీమా, తప్పైపోయింది. మీ పొట్లం ఇంట్లో పెడితే ఎలుకలు తినేశాయి. ఇంకోసారి దయచెయ్యాలి."

వీధి వీధంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. నవ్వనిది తరుబాల ఒక్కర్తే. "నా ఇంట్లో ఎలుకలా? రెండుపూటలా అలికే ఇంట్లో ఎలుకలా?" అని అన్నం గిన్నె ఆయన ముందు చప్పుడయ్యేట్టు పెట్టింది. అక్కడితో ఆగక పక్కూరి నుంచి పిల్లిని తెచ్చింది. ఆ పిల్లి ఇల్లంతా వెదికి, ఒక్క ఎలుకైనా దొరక్క, గుమ్మంలో పడుకుని కునుకు తియ్యడం మొదలుపెట్టింది. ప్రభుత్వ ఉద్యోగం కూడా అంత సుఖంగా ఉండదు.

పిసీమా గుమ్మంలో మళ్ళీ నికుంజ. ఈసారి ఎందుకో గొంతు తగ్గించాడు.

"గోళ్ళు ఏం చెబుతాయోనని మీకు భయం, నాకు తెలుసు. ఎవరివో మంచి గోళ్ళు పంపితే కలకత్తా నుంచి మంచి కబురే వస్తుంది పిసీమా. ఆ కబురు మీ పంపు పరువుకి చాలు. ఫుల్లర కడుపులో ఉన్న బిడ్డకి చాలదు గదా?"

"ఎవరి గోళ్ళురా పంపేది? వాగకు, పో!" అని పిసీమా కసిరింది. కసిరిందేగానీ మాట మాత్రం చెవిలోనే ఉండిపోయింది.

మరుసటి మధ్యాహ్నం ఫుల్లర వసారాలోంచి, "అత్తయ్యా, దాహంగా ఉంది," అంది. పిసీమా చెంబుతో పంపు దగ్గరికెళ్ళింది. పిడి ఒక్కసారి నొక్కింది. నీళ్ళు తళతళా చెంబులో పడ్డాయి. ఇన్నేళ్ళూ కళ్ళకద్దుకున్న నీళ్ళవి. రెండోసారి పిడి మీద చెయ్యి కదల్లేదు. అరచేతిలో మచ్చలు ఇనప పిడి మీద ఎంత నల్లగా కనబడ్డాయో! చెంబు అక్కడే తులసి మొదట్లో కుమ్మరించి, గట్టిగా కేకేసింది.

"ఒరేయ్ నికుంజా! ఎక్కడ చచ్చావురా?"

రెండిళ్ళ అవతల ఎవరి పాదాలో పరిశీలిస్తున్నవాడు పరిగెత్తుకొచ్చాడు. పిసీమా నడివీధి అరుగు మీద కాళ్ళు చాపుకుని, కత్తిరి చేతపట్టుకుని కూచునుంది. నికుంజ గుడ్లు తేలేశాడు.

"పిసీమా, ఆగండి! ఇవాళ గురువారం! లక్ష్మీవారం!"

"నా ఇంటి లక్ష్మి వసారాలో కడుపుతో కూచుని దాహమంటోంది. ఆవిడేమీ అనుకోదుగానీ, పొట్లం పట్టు."

కత్తిరి చప్పుడు వీధికంతటికీ వినబడింది. నికుంజ రెండు చేతులతో, ప్రసాదం అందుకున్నట్టు, అందుకున్నాడు. ఆ సాయంత్రమే ఫుల్లరకి బడి దగ్గరి ఆకుపచ్చ పంపు నుంచి బిందెలు రావడం మొదలైంది. మోసింది ఎవరనుకున్నారు? పిసీమాయే. కొడుకు మోస్తానంటే, "నువ్వు తొణికిస్తావు," అంది.

కలకత్తా నుంచి కబురొచ్చింది. గోళ్ళలో విషం నిండా ఉంది. నికుంజ ఎర్ర రంగు డబ్బాతో వచ్చేసరికి వీధంతా పెరట్లో పోగైంది. భవేశ్ ముందు నిలబడ్డాడు. మాటొచ్చే చోట ఆయనెప్పుడూ ముందే ఉంటాడు.

"అయితే ఇన్నేళ్ళూ మాకు విషం పోసిందన్నమాట పిసీమా! పైగా గంగాజలమని గొప్పలొకటి!"

పిసీమా జన్మలో మొదటిసారి తల వంచుకుంది. నికుంజ మాత్రం మొదటిసారి తలెత్తి, కాళ్ళు వదిలేసి, భవేశ్ మొహంలోకి సూటిగా చూశాడు. అదివరకెప్పుడూ చూడనందువల్ల కాబోలు, గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది.

"నువ్వా భవేశ్! నీ గోళ్ళు అడిగితే కిందటి చలికాలం ఏమన్నావు? జ్వరమన్నావు. ఈ వీధిలో ఎవరిచ్చారు? ఈవిడ ఇచ్చింది గనక ఇవాళ తెలిసింది. లేకపోతే నీ పిల్లలు రేపు పొద్దున్న కూడా ఈ నీళ్ళే తాగుదురు. ముందు ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టు. పెట్టేటప్పుడు ఎలాగూ వంగుతావు గనక, నీ గోళ్ళు కూడా ఓసారి చూసిపెడతాను."

నవ్వులు లేచాయి. భవేశ్ వంగాడు. ఆయన వెనక ఇంకా నలుగురు వంగారు. పిసీమా ముక్కు చీది, నికుంజ చేతిలోంచి కుంచె లాక్కుంది.

"ఇటివ్వు. ఆయన వేయించిన పంపు. నేనే వేస్తాను." అంచులు దాటకుండా, పిడి దగ్గర్నుంచి మూతిదాకా, పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టు ఎర్రగా పూసింది. గిన్నెలకీ స్నానాలకీ ఆ నీళ్ళే, నోట్లోకి మాత్రం చుక్క పోనివ్వదు. ఇప్పుడు ఎవరైనా ఆ పంపు కింద దోసిలి పడితే నికుంజకంటే ముందు ఆవిడే కర్ర తీస్తుంది.

అంతా బాగానే ఉందిగానీ, పిసీమాకి ఒక్కటి మింగుడుపడలేదు. తరుబాల గుమ్మంలో పిల్లి ఆ రోజుకీ నిద్రపోతూనే ఉంది. ఎలుక తోకైనా చూడని ఆ పిల్లిని చూసి చూసి, ఓ శుక్రవారం ఆవిడ నికుంజని వాకిట్లో పట్టుకుంది. బొరుగుల గిన్నె, పక్కన ఈతబెల్లం ముక్క ముందు పెట్టి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని మరీ అడిగింది.

"నిజం చెప్పరా. మీ ఇంట్లో ఎలుకలున్నాయా?"

నికుంజ బొరుగులు నములుతూ, అలవాటు ప్రకారం ఆవిడ పాదాలనే చూస్తూ అన్నాడు:

"లేవు పిసీమా. ఆ గోళ్ళ అంచులకి పారాణి అంటి ఉంది. కలకత్తాకి పంపేముందు పొట్లాలన్నీ ఆరోగ్యకేంద్రం అరుగు మీద పదిమందిలో విప్పి కడుగుతారు, పేరు చదువుతారు. భర్త పోయిన క్షేమంకరి పిసీమా కాళ్ళకి పారాణి అని తెలిస్తే, ఈ ఊరు నీళ్ళ సంగతి మరిచిపోయి మీ కాళ్ళ సంగతి పట్టుకునేది. అందుకని ఓ రెండు ఎలుకల్ని పుట్టించాను. మా తరుతో మాత్రం అనకండి, పిల్లి ఇప్పుడిప్పుడే ఇంటికి అలవాటుపడింది."