కంప మీద ఎర్ర దుప్పటి: కావన్ సరిహద్దు వంతెన దాకా ఒక రోజు

2006 మే 20, శనివారం. వారమంతా ముసురు పట్టి ఈ ఉదయం తెరిపిచ్చింది. బుట్టలో పేరుకున్న దుప్పట్లు ఉతికి పెరట్లో ఆరేశాను. చివరి దుప్పటికి క్లిప్పులు పెడుతుంటే, గోడ అవతల నుంచి బ్రైడీ గారు పిలిచారు. డబ్లిన్ శివారు లూకన్‌లో మా పక్కింటావిడ. డెబ్బై దాటాయి, మొన్న చలికాలంలో తుంటి ఆపరేషన్ అయింది. మంచి కోటు వేసుకుని, చేతికర్రతో నిలబడి ఉన్నారు.

"మా అక్క నోరా మంగళవారం గ్లాస్గో వెళ్లిపోతోంది, కూతురి దగ్గరికి. ఇంక తిరిగి రాదు. ఇంట్లో ఫోన్ కూడా తీయించేసింది. ఆ ఊరికి బస్సు లేదు," అన్నారు. తీసుకెళ్లమని ఆవిడ అడిగిన తీరు అంతే.

ఊరెక్కడని అడిగాను. "కావన్ దాటాక. మేం పుట్టి పెరిగిన చోటే." అంతకుమించి నేనూ అడగలేదు. మా ఆవిడ సుజాత ఆస్పత్రిలో నర్సు, డ్యూటీకి వెళ్లిపోయింది. పాప స్నేహితురాలి ఇంట్లో ఉంది. పొద్దున కలిపిన పులిహోర డబ్బాలో పెట్టి, ఫ్లాస్కులో అల్లం టీ పోసి, ఆవిడ కాలు కింద మడిచి వేయడానికి తీగ మీది ఎర్ర గళ్ల దుప్పటి, ఇంకా చెమ్మ ఆరనిది, తీసుకున్నాను.

ఈ దారిన వెళ్లాలనుకునేవారు లూకన్ నుంచి క్లొనీ మీదుగా ఎన్-3 రోడ్డు ఎక్కితే టోలు వంతెన తప్పుతుంది. నావన్, కెల్స్ దాటేదాకా లారీల వెనక ఓపిక పట్టాలి. రోడ్డుకి రెండు వైపులా క్రేన్లు, పునాదులు, 'చివరి ఇళ్లు మాత్రమే' అన్న బోర్డులు. కావన్‌లో ఆగి టీ, స్కోన్ రొట్టె తీసుకున్నాం, ఇద్దరికీ కలిపి ఎనిమిది యూరోలు. అక్కడి నుంచి బెల్టర్‌బెట్, బాలికానెల్, స్వాన్‌లిన్‌బార్. చివరి బంకు దగ్గర పసుపు నంబరు ప్లేట్ల కార్లు బారులు తీరి ఉన్నాయి. బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లండ్ వాళ్లు చవక పెట్రోలు కోసం ఇటు వస్తారట. నేనూ అక్కడే పోయించాను. రానూ పోనూ ముప్పై యూరోల లోపే అయింది.

ఈ సీమ గురించి లైబ్రరీ పుస్తకాల్లో కొంత చదువుకున్నాను. ఐర్లండ్ ద్వీపాన్ని పంచినప్పుడు కౌంటీల పాత హద్దులే దేశాల హద్దులయ్యాయి. లండన్‌కీ డబ్లిన్‌కీ అది పటం మీద గీత. ఇక్కడివాళ్లకు పొలానికీ పశువుల కొట్టానికీ మధ్య గీత. బ్రైడీ గారు అదే చరిత్రను ఇంకోలా చెప్పారు.

"మొదట్లో మాకది వెన్న గొడవే. అటు పక్క చవక. మా అమ్మ కోటు లోపల దాచుకుని వచ్చేది. కస్టమ్స్ వాడికి తెలుసు. పొయ్యి పక్కన కుర్చీ వేసి, ఊళ్లోవాళ్ల యోగక్షేమాలన్నీ అడిగేవాడు, వెన్న కరిగి మేజోళ్లలోకి కారేదాకా!"

"మరి తర్వాత?"

"తర్వాత గొడవలు ముదిరాయి. బ్రిటిష్ సైన్యం వచ్చి మా వంతెన పేల్చేసింది. ఆదివారం చర్చి అయ్యాక మగవాళ్లు పారలతో పూడ్చేవారు. వాళ్లు మళ్లీ పేల్చేవారు. పాతికేళ్ల పైమాటే. నోరాని అటు పక్క ఇచ్చారు. ఇంటి నుంచి చూస్తే కనిపించే అక్క దగ్గరికి చుట్టు తిరిగి వెళ్లాలంటే ఒక పూట పట్టేది."

అప్పుడు తట్టింది నాకు. చిన్న రోడ్డు దిగువకు వెళ్లి వాగు మీద వంతెనగా మారుతోంది. దాని అవతల వేగం బోర్డు మైళ్లలో ఉంది. బండి ఆపేశాను. "మీ అక్కగారి ఇల్లు ఉత్తరం వైపా?"

"అదిగో, గుట్ట మీద తెల్ల ఇల్లు. పోనీ బాబూ, దగ్గరే."

మనవాళ్లకు తెలిసిందే. ఐర్లండ్ నివాస కార్డు ఉన్నంత మాత్రాన ఉత్తరానికి వెళ్లకూడదు, బ్రిటన్ వీసా వేరే కావాలి. గేటు లేదు, కాపలా గుడిసె లేదు, అడిగే మనిషి లేడు. సుజాతకు ఫోన్ చేశాను.

"ఏవండీ, మన కార్డులు రెన్యువల్‌కి ఇచ్చి పది రోజులైనా కాలేదు. ఎవరూ చూడరంటారు. చూస్తే? పాపని తీసుకెళ్లి మన తుని బళ్లో చేర్పిస్తారా?" మళ్లీ తనే అంది: "పాపం, పెద్దావిడ. ఏదో ఒకటి చెయ్యండి. కానీ దాటకండి."

దాటలేనని, ఎందుకో చెప్పాను. బ్రైడీ గారు వంతెన వైపు కర్ర చూపించారు. "గార్డులెవరూ రారు, ఆవులు తప్ప," అన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. "నాకది గుర్తే లేదు బాబూ. వంతెన తిరిగి కట్టాక మాకా గీత పోయింది. నీకింకా ఉందని తోచనే లేదు." కర్ర పట్టుకుని దిగి గుట్ట వైపు నాలుగడుగులు వేసి, వంతెన గోడను పట్టుకుని ఆగిపోయారు. ఆ ఎత్తు ఆవిడ ఎక్కలేరు. నోరా గారిని పిలవడానికి ఫోన్ లేదు.

అప్పుడు రోడ్డు పక్క ముళ్లకంపను చూసి, "ఆ దుప్పటి ఇలా తే," అన్నారు.

వంతెన లేని రోజుల్లో అక్కాచెల్లెళ్ల పద్ధతి అది. మాట్లాడాలంటే కంప మీద గుడ్డ ఆరేయడం. అటువైపు చూసినవాళ్లు వాగు దగ్గరికి వస్తారు, ఇటూ అటూ నిలబడి కేకలేసి మాట్లాడుకుంటారు. మామూలుగా తెల్ల దుప్పటి. మే నెలలో మాత్రం కంప నిండా తెల్లపూలు కాబట్టి ఎర్రది. "అమ్మ పోయిన రోజున కూడా ఇదే కంప," అన్నారు. ముళ్లు గుచ్చుకోకుండా దుప్పటి పరిచాను.

"పదేళ్లుగా ఎవరూ వేయలేదు. చూస్తుందంటావా?"

టీ పోసి ఇచ్చాను. టీ చల్లారింది. రెండోసారి పోశాను. గుట్ట మీద కదలిక లేదు. అంతలో ఇంటి వెనక నుంచి ఒక పాత కారు మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

నోరా గారు ఎర్ర స్వెటర్‌లో దిగారు. చెల్లెలికన్నా పొట్టి, గొంతు మాత్రం పెద్దది. "కెటిల్ నింపిన ప్రతిసారీ ఆ కంపకేసి చూస్తాను, తెలివితక్కువదానా! మే నెల కదా, ఎర్రదే వేశావే!" ఇద్దరూ కౌగిలించుకుని చాలాసేపు అలాగే ఉండిపోయారు. నేను వాగు వైపు తిరిగాను.

నా సంగతి విని నోరా గారు పడీపడీ నవ్వారు. "ఇన్నాళ్లకి ఈ గీతని గౌరవించే మనిషి దొరికాడు!" చెల్లెల్ని ఇంటికి తీసుకెళ్లండి, నేను ఇక్కడే ఉంటానన్నాను. "పైన కూర్చోడానికేముంది, అన్నీ పెట్టెల్లోకి పోయాయి. కుర్చీలు కార్లోనే ఉన్నాయి, పొరుగువాళ్లకు ఇద్దామని. నిన్నొక్కణ్ణీ వదిలేసి పోతామా?"

వంతెన నడుమ రోడ్డుకి అడ్డంగా ఒక అతుకు ఉంది. ఈ కౌన్సిలు పోసిన తారు ముదురు నలుపు, ఆ కౌన్సిలుది బూడిద రంగు, సరిహద్దు అదే. రెండు కుర్చీలు అటు వేసి, మూడోది అతుక్కి జానెడు ఇవతల నోరా గారే సర్దారు. "కాళ్లు చాపకు, వీసా కావాలి." పులిహోర డబ్బా అందించబోతే చెయ్యి అడ్డం పెట్టి, "కస్టమ్స్! లోపల వెన్న ఉందా?" అన్నారు. ఒక ట్రాక్టరు వచ్చింది. కుర్చీలు పక్కకు లాగి, పోయాక మళ్లీ వేసుకున్నాం. డ్రైవరు ఒక్క వేలు ఎత్తి పలకరించాడు, ఏమీ అడగలేదు.

అక్కాచెల్లెళ్లు గ్లాస్గో గురించి ఒక్క మాట అనలేదు. అమ్మ గురించి, ఎవరిదో గుడ్డి గుర్రం గురించి మాట్లాడుకున్నారు. వెళ్లేముందు నోరా గారు నా చెయ్యి గట్టిగా నొక్కి, గీత అవతల నుంచే వదిలారు.

దుప్పటి తీయబోతే బ్రైడీ గారు ఆపారు. "ఆగు. అవతలి మనిషి ఇల్లు చేరినట్టు చెప్పాకే తీయాలి." కారు గుట్ట ఎక్కి ఇంటి వెనక మాయమైంది. కొంచెంసేపటికి పై కిటికీలో ఎర్ర స్వెటర్ వేలాడింది. అప్పుడు తీశాం.

పెద్ద రాజ్యాలు గీతలు గీస్తాయి, చెరుపుతాయి. ఒకరికి చెరిగిన గీత ఇంకొకరికి మిగిలే ఉంటుందని ఈ రోజు చూశాను. దానికి ఇటు కూర్చునే ఒక పూట హాయిగా గడిపాను. వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే: బయల్దేరే ముందు ఊరి పేరే కాదు, కౌంటీ పేరు కూడా అడగండి. ఫెర్మానా అంటే అది ఉత్తరం, వీసా చూసుకోండి.

దుప్పటికి ముల్లు గీరి ఒక చోట చిరిగింది. సుజాత వచ్చేలోగా కుట్టి, మళ్లీ నానబెట్టి తీగ మీద ఆరేశాను.